కాలు అలవాటవ్వాలి

వీధిలో అందరూ ఆమెని మొక్కలమ్మాయి అనేవారు. ఇరవై రెండేళ్ళుంటాయి. ఊరి చివర అరెకరం జాగాలో తల్లీకూతుళ్ళిద్దరూ మొక్కలు పెంచి అమ్ముతారు. గులాబీ అంట్లు, క్రోటన్లు, కుండీల్లో నిమ్మ. పెంచడం వరకూ వాళ్ళ చేతిలో పని. చేరవేయడం మాత్రం అద్దె బండివాడి దయ. పొద్దున ఏడింటికి రమ్మంటే వాడు పదకొండింటికి దిగేవాడు. దిగి, ఎండకి తలలు వాల్చేసిన మొక్కల్ని చూసి, "అయ్యో పాపం, నీళ్ళు పోయలేదా?" అని అడిగేవాడు. ఆ మాట మూడోసారి విన్నరోజు ఆమె అద్దె బండికి ఓ దణ్ణం పెట్టేసింది. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇక బండి కొనాలి. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతదే, డీజిల్ పికప్.

"పాత బండి కొనడమంటే కొరివితో తల గోక్కోవడమే" అంది తల్లి. "నీకేం తెలుసు? మీ మావయ్యని తీసుకెళ్ళు. వాడు ఊ అంటేనే కొను."

మావయ్య డీజిల్ మెకానిక్. ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. గట్టిగా అరిస్తే గాని వినపడదు. అందుకని ఇంజన్ని చెవితో వినడం మానేసి అరచేత్తో వినడం అలవాటు చేసుకున్నాడు. బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు నిలబడతాడు. "ఇంజన్ అబద్ధమాడదే అమ్మడూ. అమ్మేవాడే ఆడతాడు" అనేది ఆయన రోజుకి పదిసార్లు అనే మాట.

ఆ శనివారం మధ్యాహ్నం ఇద్దరూ ఆయన పాత మోటార్ సైకిల్ మీద బయల్దేరారు. పొద్దుటినుంచీ మబ్బు పట్టి ఉంది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియని వెలుతురు. పాత బండ్లు అమ్మే యార్డు ఊరి బయట ఎత్తు మీద ఉంది. గేటు ముందునుంచే రోడ్డు ఏటవాలుగా కిందికి దిగి, అరమైలు దూరంలో, వాడకం మానేసిన రాళ్ళ క్వారీ దగ్గర ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. ఆ మలుపులో నడుమెత్తు గోడ. గోడ అవతల లోతైన నీళ్ళు.

యార్డు యజమాని నోరు తెరిస్తే బంగారం. మనుషుల్నీ బంగారం అంటాడు, బండ్లనీ బంగారం అంటాడు. అసలు పేరు అందరూ మర్చిపోయి ఆయన్నే బంగారం అనడం మొదలుపెట్టారు. నున్నగా దువ్విన జుట్టు, చేతిలో ఎప్పుడూ పసుపుపచ్చ గుడ్డ. మాట్లాడుతూ మాట్లాడుతూనే బండి అద్దం మీద ఒక రుద్దు రుద్దుతాడు.

"మొదటి బండా బంగారం? ఆడపిల్లవి, సొంతంగా కొనుక్కుంటున్నావు! నా కూతురిలాంటిదానివి. నీకు చెడ్డది ఇస్తానా?"

"కూతురికి ఏ బండి కొనిచ్చారండీ?" అంది ఆమె.

"నాకు కూతుర్లు లేరుగా" అని పెద్దగా నవ్వాడు.

మొదటి పికప్ స్టార్ట్ చేయగానే వెనక గొట్టంలోంచి నీలం పొగ వచ్చింది. "ఆయిల్ తాగుతోంది. డీజిల్‌కి ఒక జీతం, ఆయిల్‌కి ఒక జీతం" అన్నాడు మావయ్య. రెండోదానికి కొత్త రంగు మెరిసిపోతోంది. మావయ్య కిందికి దూరి చాసీ మీద నంబరు ఉండాల్సిన చోట గోరుతో గీకి, మట్టి దులుపుకుంటూ లేచాడు. "పైన పటారం, లోన లొటారం. రెండు బండ్లు కోసి ఒకటి చేశారు."

బంగారం మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. కానీ వాళ్ళు వెనక వరసవైపు నడుస్తుంటే మాత్రం, "అటు ఏం లేవు బంగారం, తుక్కు" అన్నాడు.

తుక్కు కాదు. గోడవారగా, మిగతా బండ్లకి దూరంగా ఒక తెల్ల పికప్ ఉంది. దాని చుట్టూ నాలుగడుగుల మేర ఏదీ పెట్టలేదు. గడ్డి కూడా పెరగలేదు. ఆమె చుట్టూ తిరిగి చూసింది. టైర్లు నాలుగూ సమానంగా అరిగి ఉన్నాయి. కింద బరువు మోసే కమాను పట్టీలు విరగలేదు. వెనక తొట్టి తన కుండీలకి కొలత తీసి చేసినట్టుంది. మనసు లాగింది.

"ఇదెంత?"

బంగారం వరస మొదట్లోనే ఆగిపోయాడు. అక్కణ్ణించే ధర చెప్పాడు. నమ్మలేనంత తక్కువ. మావయ్య చెవిలో ఆమె అరిస్తే, ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఎన్నాళ్ళ నుంచి పడుంది?"

"నెల్లాళ్ళ నుంచి తాళం కూడా పెట్టలేదు" అని అరిచాడు బంగారం దూరం నుంచే.

"మంచిది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తేనే నిజం తెలిసేది." మావయ్య బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. వెంటనే తెరిచి చెయ్యి లాక్కున్నాడు.

"వెచ్చగా ఉందే!"

"ఎండకి..." అన్నాడు బంగారం.

ముగ్గురూ ఆకాశం కేసి చూశారు.

తాళాలు తెచ్చింది యార్డులో పనిచేసే ముసలాయన. నడుముకి తాళాల గుత్తి కట్టుకుని తిరిగేవాడు కాబట్టి అందరికీ తాళాలాయన. గుత్తిలోంచి ఒక తాళం ఊడదీసి, బండి దాకా రాకుండా చెయ్యి చాచి ఆమెకి అందించాడు. బంగారంవైపు ఓసారి చూసి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు. "చూసుకుని తల్లీ..."

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. పొగలేదు, కొట్టుకోవడం లేదు. మావయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన మొహంలో మెచ్చుకోలూ ఉంది, అనుమానమూ ఉంది. "గుండె బాగుంది. మనిషే నచ్చలేదు" అన్నాడు. బండిని గురించి అలా ఆయన ఎప్పుడూ అనలేదు.

"రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి చూస్తాను" అంది ఆమె. "మీరు పక్కన కూర్చుంటారా?" అని బంగారాన్ని అడిగింది.

"మోకాళ్ళ నొప్పి బంగారం, ఎక్కలేను." అంతకుముందు రెండు బండ్లూ ఆయనే ఎగిరి ఎక్కి స్టార్ట్ చేశాడు. "నువ్వు తిప్పి రా. బ్రేకు కాస్త మెత్తగా అనిపిస్తుందేమో. కంగారు పడకు. కొత్తగా నేర్చుకున్నావుగా, కాలు అలవాటవ్వాలి."

మావయ్య పక్కన ఎక్కలేదు. వెనక మోటార్ సైకిల్ మీద వస్తానన్నాడు. ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాలు నడుస్తున్నాయో లేదో, బండి పీతలా పక్కకి పోతోందో వెనకనుంచి చూస్తే గాని తెలియదు. కాబట్టి ఆమె ఒక్కతే తలుపు వేసుకుని గేటు దాటింది.

చినుకులు మొదలయ్యాయి.

క్యాబిన్‌లో వాసన వింతగా ఉంది. పాత బండ్లలో ఉండే డీజిల్ వాసన కాదు. పుల్లగా, విరిగిన పాల వాసన. దాని కింద నీళ్ళలో నానిన గుడ్డల వాసన. అద్దం దించబోయింది. పిడి తిరిగింది గాని అద్దం దిగలేదు. వైపర్ ఒక్కటే కిర్రు కిర్రుమంటూ అటూ ఇటూ. రోడ్డు కిందికి వాలింది. రెండో గేరు. మూడు. బండి ముద్దుగా నడుస్తోంది. ఇది నాదే, అనుకుంది. ఈ బండి నాదే.

ఎడమ పక్కన టిక్ మని చప్పుడైంది.

చూసింది. పక్క సీటు బెల్టు పెట్టి ఉంది. ఎక్కేటప్పుడు అది తలుపు పక్కన వేలాడుతోంది. ఇప్పుడు ఖాళీ సీటు మీద అడ్డంగా, బిగుతుగా ఉంది. వదులుగా లేదు... మధ్యలో ఎవరో ఉన్నట్టు ఉబ్బి ఉంది.

నెమ్మదిగా పైకీ కిందికీ కదులుతోంది. ఊపిరికి కదిలినట్టు.

ఆమె ఆపుదామని బ్రేకు మీద కాలు వేసింది. పెడల్ మెత్తగా, పిండిలో దిగినట్టు దిగింది. దిగి... దిగి... నేలకి ఆనుకుంది. బండి ఆగలేదు.

మళ్ళీ తొక్కింది. మళ్ళీ నేలకే.

చెవి పక్కనే, తడిగా, చాలా మర్యాదగా ఒక గొంతు.

"కాలు అలవాటవ్వాలి... అన్నాడు."

ఆమె అరిచిందో లేదో ఆమెకే తెలియదు. హ్యాండ్ బ్రేకు లాగింది. అది దారం తెగిన గాలిపటంలా చేతిలోకి వచ్చేసింది. ఎదురుగా మలుపు. గోడ. గోడ అవతల నల్లటి నీళ్ళ మీద చినుకులు పడుతున్నాయి. గేరు మార్చాలన్న తెలివి కూడా లేదు. రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడిపోయింది. అప్పుడు ఆమె పాదం మీద ఇంకో పాదం పడింది. చల్లగా. బరువుగా. పెడల్ మీద గట్టిగా నొక్కింది.

బండి ఆగింది. మెల్లిగా, ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టు. గోడకీ బంపర్‌కీ మధ్య జానెడు.

"నన్ను ఎవరూ ఆపలేదు" అంది ఆ గొంతు.

తలుపు తెరుచుకుని ఆమె రోడ్డు మీద పడింది. వెనకే మోటార్ సైకిల్ ఆపి మావయ్య పరుగెత్తుకొచ్చాడు. కోపంతో ఊగిపోతున్నాడు.

"ఇంత స్పీడా? బుద్ధుందా? అయినా పక్కన ఎవర్నే ఎక్కించుకున్నావ్?"

"ఎవర్నీ..."

"వెనకద్దంలోంచి చూస్తూనే వచ్చాగా! రెండు తలకాయలు!" అంటూ క్యాబిన్‌లోకి తొంగి చూశాడు. సీటు ఖాళీ. బెల్టు పెట్టే ఉంది. సీటు మీంచి కిందికి నీళ్ళు కారుతున్నాయి. వాన లోపల పడలేదు.

మావయ్య తడిరోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీశాడు. వేలు పెట్టి చూశాడు. వేలు పొడిగా వచ్చింది. దుమ్ము అంటుకుని.

"పైపు పగిలి ఉంది. దానికి నల్ల టేపు చుట్టారు. ఆ టేపు కూడా ఎప్పుడో కుళ్ళింది. చుక్క ఆయిల్ లేదు" అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదైపోయింది. "అమ్మడూ... ఈ బండి ఆగడానికి వీల్లేదు. ఎలా ఆగింది?"

జవాబు చెప్పేలోగా పైనుంచి తాళాలాయన దిగి వచ్చాడు. గొడుగు లేదు. తడిసి ముద్దయ్యాడు. గోడకి దూరంగా నిలబడి, ఆమె నిలబడి ఉందని చూసి, రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు.

"బతికున్నావా తల్లీ..."

అప్పుడు చెప్పాడు, మావయ్యకీ వినపడేలా గట్టిగా. రెండేళ్ళ కిందటి మాట. పాలక్యాన్లు వేసే కుర్రాడొకడు వచ్చాడు. సైకిల్ మీద తిరిగి తిరిగి, మొదటిసారి బండి కొనుక్కోవడానికి కొత్త చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. బ్రేకులు బాగున్నాయా అని అడిగాడు. బంగారంలా ఉన్నాయి అన్నాడు యజమాని. అంతకు గంట ముందే పగిలిన పైపుకి టేపు చుట్టించాడు.

"చుట్టింది ఎవరు?" అని అరిచాడు మావయ్య.

తాళాలాయన తన చేతుల్ని చూసుకున్నాడు. "నేనే. చెప్పినవాడు ఆయన, చేసినవాణ్ణి నేను. పిల్లాడు రెండోరోజు ఫోన్ చేశాడు తల్లీ. బ్రేకు అందడం లేదు, ఇక్కడే ఆపేసి మెకానిక్‌ని పిలవనా అని. నేను పక్కనే ఉన్నా. 'కాలు అలవాటవ్వాలి, నడుపుకుంటూ యార్డుకి వచ్చెయ్, చూస్తాను' అన్నాడు ఈయన. వస్తూ వస్తూ... ఇక్కడే." గోడ కేసి చూపించాడు. గోడలో ఒకచోట రాళ్ళు కొత్తగా ఉన్నాయి. "మూడు రోజులకి నీళ్ళలోంచి తీశారు. బెల్టు పెట్టుకునే ఉన్నాడు. బండిని తుక్కు కింద కొని, సొట్టలు తీసి, రంగు వేసి మళ్ళీ నిలబెట్టాడు. ఇద్దరు కొన్నారు. ఇద్దరూ మర్నాడే తెచ్చి గేటు దగ్గర వదిలేసి వెనక్కి చూడకుండా పోయారు."

"ఆ టేపు అలాగే ఉందే!"

"బాగుచేద్దామని వెళ్తే... తలుపు దగ్గరికే రానివ్వడం లేదు నన్ను."

ఇంతసేపూ భయంతో వణికిన ఆమెకి ఇప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కూతురిలాంటిదానివి అన్నాడు. అని, నవ్వుతూ, చుక్క ఆయిల్ లేని బండి ఇచ్చి ఏటవాలు రోడ్డు మీదకి తోలాడు. పోతే పోతుంది, ఉంటే డబ్బిస్తుంది. అంతేగా.

ఆమె వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"దిగవే!" మావయ్య అరిచాడు.

"ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది మావయ్యా? మొదటి గేరులో పోతాను. ఆపాల్సి వస్తే ఎత్తే ఆపుతుంది."

ఆయన మోటార్ సైకిల్ అందుకునేలోగా బండి వెనక్కి తిరిగి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది.

క్యాబిన్‌లో చీకటి ముసురుకుంది. సాయంత్రం అయిదు కూడా కాలేదు. ఆమె పక్కకి చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది... పక్కన ఒకడున్నాడు. నీటి బొట్లు కింద రేకు మీద పడుతున్నాయి. టప్... టప్... విరిగిన పాల వాసన గొంతులో అడ్డం పడుతోంది.

"నీకేం కావాలి?" అంది.

గేటు కనిపించింది. బంగారం గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వాణ్ణి..." గొంతు మారింది. మర్యాద పోయింది. నీళ్ళ అడుగు నుంచి, బురదలోంచి వచ్చినట్టుంది. "ఒక్కసారి... ఎక్కించు."

ఆమె స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూసింది.

"సరే" అంది.

బండిని సరిగ్గా గేటు నోట్లో నిలిపింది, ముక్కు లోపలికి, తోక పల్లానికి. ఇంజన్ ఆపింది. బ్రేకు లేదు. హ్యాండ్ బ్రేకు లేదు. మొదటి గేరు ఒక్కటే ఆ బండిని పట్టుకుని ఉంది. తాళం తీసి గుప్పిట్లో బిగించుకుని దిగింది.

"నచ్చిందా బంగారం?" అన్నాడు. కళ్ళు మాత్రం క్యాబిన్ మీదే ఉన్నాయి.

"నచ్చింది. నాకొద్దు" అంది. పక్కకి తప్పుకుని గోడవారగా నిలబడింది.

బంగారం తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడ్డాడు. కానీ బండి అడ్డం పడి గేటు దారి మూసుకుపోయింది. లోపల ఆయన సొంత కారు. బయట హారన్ మోత. కొత్తగా కొన్న బండ్లు మోసుకుని పెద్ద లారీ ఒకటి పక్క దారిలోంచి వచ్చి ఆగింది. వాన జోరందుకుంది. లారీవాళ్ళు నలుగురు దిగి పికప్‌ని ముందుకి నెట్టారు. కదల్లేదు. "గేరులో ఉందయ్యా! న్యూట్రల్ చేయండి ఎవరైనా!" అని కేకవేశాడు లారీ డ్రైవరు.

"వెళ్ళు" అన్నాడు బంగారం, ఈలోగా నడుచుకుంటూ పైకి చేరిన తాళాలాయనతో.

"నేనెక్కను."

"నీ జీతం..."

"నాకొద్దు" అని ఆ ముసలాయన నడుముకున్న గుత్తి తీసి బురదలో పడేశాడు.

లారీ డ్రైవరు నవ్వాడు. "ఏంటి బంగారంగారూ, మీ బండికి మీరే భయపడుతున్నారా?" నలుగురిలో ఆ నవ్వు తగలాల్సిన చోట తగిలింది. బంగారం గొడుగు విసిరేశాడు. పసుపుపచ్చ గుడ్డ చేతికి చుట్టుకున్నాడు. చుట్టుకుని, ఆ చేత్తోనే డ్రైవరు తలుపు తెరిచాడు.

ఎక్కలేదు. తెలివైనవాడు. ఎడమ కాలు నేలమీదే ఉంచి, సగం ఒంగి, చెయ్యి మాత్రం లోపలికి చాచాడు. గేరు కర్ర అందుకోవడానికి.

ఆమెకి తెలుసు. హ్యాండ్ బ్రేకు కూడా ఊడిపోయిన ఆ బండికి గేరు తీస్తే ఏమవుతుందో అక్కడున్న అందరిలో ఆమెకొక్కదానికే తెలుసు. మావయ్య ఇంకా కిందే ఉన్నాడు, మోటార్ సైకిల్ వానకి మొరాయిస్తోంది. "ఆగండి" అన్న మాట గొంతు దాకా వచ్చింది. నాలుక చివరికి వచ్చింది.

మింగేసింది.

గేరు టక్ మంది. బండి వెనక్కి జరిగింది. అతని కాలు జారింది... పడిపోవాల్సినవాడు పడలేదు. లోపల నుంచి ఎవరో లాగినట్టు సీట్లోకి వెళ్ళిపోయాడు. తలుపు ధడేల్‌మని మూసుకుంది.

నెడుతున్నవాళ్ళు పక్కలకి దూకారు.

ఇంజన్ స్టార్ట్ అయింది. తాళం ఆమె గుప్పిట్లో ఉంది.

దీపాలు వెలిగాయి. వానలో బండి వెనక్కి... వెనక్కి... పల్లంలోకి దిగిపోతోంది. అద్దంలోంచి బంగారం మొహం వీళ్ళకేసే చూస్తోంది. నోరు తెరిచి ఉంది. చప్పుడు రావడం లేదు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది, కిందేదో తొక్కుతున్నట్టు. తొక్కుతున్నాడు. తొక్కుతున్నాడు. పక్కసీట్లో ఒకడు కదలకుండా కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా. తల పక్కకి తిప్పి బంగారాన్నే చూస్తున్నాడు.

వాన తెర పడిపోయింది. దీపాలు మాయమయ్యాయి.

అందరూ చప్పుడు కోసం ఎదురుచూశారు. గోడ కూలే చప్పుడు. నీళ్ళ చప్పుడు. ఏదీ రాలేదు. దారిలో మోటార్ సైకిల్ నెట్టుకుంటూ ఎదురొస్తున్న మావయ్య పక్కనుంచే ఆ బండి పోయింది. ఆయన తరవాత చెప్పిన మాట ఒక్కటే. "చెవులు లేనివాణ్ణి కదే. అయినా ఆ అరుపు నాకు వినిపించింది."

దిగి చూస్తే బండి మలుపులో చక్కగా నిలిపి ఉంది. ఒక్క గీత పడలేదు. గోడకి జానెడు దూరం. స్టీరింగ్ ముందు బంగారం కూర్చుని ఉన్నాడు, కళ్ళు తెరిచే. ప్రాణం లేదు. రెండు కాళ్ళూ బ్రేకు మీద ఉన్నాయి. పెడల్ రేకుని చీల్చుకుని కిందికి దిగిపోయింది. దానితోపాటు పాదాలూ. తియ్యడానికి ముగ్గురు మనుషులూ ఒక గడ్డపారా కావలసి వచ్చాయి. గుండె ఆగింది అని రాశాడు డాక్టరు. పోలీసులు బండిని స్టేషన్‌కి లాక్కెళ్ళి, గొలుసు వేసి, తాళం పెట్టారు.

మోటార్ సైకిల్ ఇంటి ముందు ఆపి, మావయ్య వెనక్కి తిరగకుండా అడిగాడు.

"గేరులో పెట్టి వచ్చావని నీకు తెలుసుగా?"

"తెలుసు" అని ఆయన చెవి దగ్గర గట్టిగా అంది.

"అరిస్తే ఆగేవాడేగా?"

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పినా తనకే వినపడలేదనుకుని ఉంటాడు, రెండోసారి అడగలేదు.

ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. దాచడం ఎందుకు, నిజం అదే. కుర్రాడి బాకీ తీరింది, పాపం అంటితే వాడికే అంటుతుంది, నాకేం, అనుకుంది. వారం గడిచింది. మావయ్య వేరే ఊళ్ళో ఒక బండి చూశాడు. కాస్త పాతది, గానీ బ్రేకులు ఆయనే విప్పి బిగించాడు. సోమవారం తెచ్చుకుందామనుకున్నారు.

ఆదివారం పొద్దున ఇంకా మసక ఉండగానే ఆమె నారుమడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది. అరగంట తరవాత గొట్టం చుట్టుకుంటూ ఇంటివైపు తిరిగి వస్తూ ఆగిపోయింది.

రాత్రి వానకి నేల మెత్తగా ఉంది. గేటు దగ్గరినుంచి ఇంటి గుమ్మం దాకా బండి చక్రాల జాడ. లోతుగా, కొత్తగా. జాడలోకి ఇంకా నీళ్ళు ఊరుతున్నాయి. తను వెళ్ళేటప్పుడు అది లేదు. గేటు గొలుసు వేసినది వేసినట్టే ఉంది. కుండీల మధ్య మనిషి పట్టే సందులోంచి ఆ జాడ వచ్చింది, ఒక్క కుండీ ఒరగలేదు. గుమ్మం ముందు ఆగిపోయింది. వచ్చిన జాడ ఉంది. పోయిన జాడ లేదు. బండీ లేదు.

జాడ ఆగినచోట కుడి పక్కనుంచి ఒక జత అడుగులు గుమ్మం ఎక్కాయి. ఎడమ పక్కనుంచి ఇంకో జత.

చేతిలో గొట్టం జారిపోయింది. వెనక్కి ఒక అడుగు వేసింది. అప్పుడే లోపల్నుంచి తల్లి గొంతు, మామూలుగా, కాస్త విసుగ్గా వినిపించింది.

"ఎక్కడున్నావే? త్వరగా రా. ఎంతసేపని కూర్చోబెట్టను వాళ్ళని?"